రోగి మాట – కేన్సరు పరిశోధన చరిత్ర

వైద్యశాస్త్ర చరిత్రను వ్రాసిన పెద్దలు వైద్యుల పేరులు చెప్పిరి, మందుల పేరులు చెప్పిరి, ఆసుపత్రులు కట్టించిన దాతలను గూర్చియు చెప్పిరి. మంచముపై పరుండిన రోగి ఏమనెనో చెప్పినవారు తక్కువ. కేన్సరు చరిత్రలో ఈ లోపము మరింతగా కనిపించును. మన పెద్దలు రాచపుండు అని పేరు పెట్టి, ఆ పేరును గట్టిగా పలుకుటకు కూడ వెనుదీసిన ఈ వ్యాధికి గడచిన నూట నలువది సంవత్సరములలో కత్తి, కిరణము, మందు అను మూడు ఆయుధములు లభించినవి. వానిని ఎంతమేరకు, ఏ తీరున వాడవలెనను ప్రశ్నకు జవాబు వెదకుటలో రోగుల ఇష్టానిష్టములు ఎట్లు పాలుపంచుకొన్నవో ఈ చిన్న వ్యాసమున విన్నవింపదలచితిమి.

బీదరులో వెలువడు సంచికకు ఈ ప్రసంగమేల యని కొందరడుగవచ్చును. బీదరు జిల్లా 1956 నవంబరు 1 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. నాటి పునర్విభజనలో జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, అహ్మద్‌పూరు, నిలంగా తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును, మిగిలిన భాగము మైసూరు రాష్ట్రమునకును చేరినవి. పటములో గీతలు మారినను రోగుల దారులు మారలేదు. ఇక్కడి తెలుగువారు పెద్ద జబ్బు చేసినప్పుడు నేటికిని సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్న హైదరాబాదునే తలచుకొందురు. అచట 1955లో నెలకొని, మెహదీ నవాజ్ జంగుగారి పేర నడచుచున్న ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి కలదు. 2000 సంవత్సరమున ఆరంభమైన బసవతారకం ఆసుపత్రియు కలదు. ప్రయాణమునకు ముందు ఇంటి అరుగుమీద వినబడు ప్రశ్నలు మనమందరము ఎరిగినవే. "రొమ్ము తీసివేయుదురా? మాట పడిపోవునా? ఎన్నిసార్లు పట్నము పోవలెను? ఇంటికడ నుండియే మందు పుచ్చుకొనరాదా?" ఇవి చదువురాని వారి భయములని చాలకాలము తలచిరి. వాస్తవమునకు ఈ ప్రశ్నలే దేశదేశములలో పెద్ద పరిశోధనలకు దారి తీసినవి.

మొదట రొమ్ము కేన్సరు సంగతి చెప్పెదము. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు 1882 ప్రాంతమున ఒక పెద్ద ఆపరేషను ఆరంభించి, 1894లో దాని ఫలితములను ప్రకటించెను. రొమ్మును, దాని అడుగుననున్న ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను ఒక్కమారుగా తొలగించుట ఆ పద్ధతి. వ్యాధి పోవలెనన్న వేళ్లతో సహా పెకలింపవలెనను నమ్మికతో ఏర్పడిన ఆ పద్ధతి ముప్పాతిక శతాబ్దమునకు పైగా లోకమంతట ప్రమాణమై నిలిచెను. స్త్రీలు భుజము లేపలేక, చేయి వాచి బాధపడుచున్నను, ప్రాణము దక్కినది గదా యని వైద్యులనిరి. అంతకన్న చిన్న ఆపరేషను చాలునేమో యని పరీక్షించి చూచినవారు అరుదు. మరియొక కఠిన నియమము కూడ ఉండెను. గడ్డ స్వభావమును తెలిసికొనుటకై స్త్రీకి మత్తు ఇచ్చి, ఆమె నిద్రలో నుండగనే పరీక్షించి, కేన్సరని తేలిన వెంటనే రొమ్ము తొలగించెడివారు. ఆమె కన్ను తెరచిన పిదపగాని తన దేహమున ఏమి మిగిలినదో ఎరుగదు.

1974లో రోజ్ కుష్నర్ అను పత్రికా రచయిత్రికి ఈ వ్యాధి కనబడెను. ముందు పరీక్ష మాత్రమే చేయుడు, ఫలితము తెలిసిన పిదప ఏ ఆపరేషనో నేనును ఆలోచించెదను అని ఆమె పట్టుపట్టెను. అందుకంగీకరించు శస్త్రవైద్యుని కనుగొనుటకే ఆమె మిక్కిలి శ్రమపడవలసి వచ్చెను. ఆమె తన అనుభవమును గ్రంథముగా వ్రాసెను, సభలలో వాదించెను. 1979లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభలో వైద్యురాలు కాని ఆమెకును స్థానము లభించెను. పరీక్షను, ఆపరేషనును రెండు వేర్వేరు దినములలో జరుపుట మేలనియు, హాల్‌స్టెడ్ ఆపరేషను ఇకమీదట ప్రమాణము కానక్కరలేదనియు ఆ సభ తెలిపెను.

ఇదే కాలమున బెర్నార్డ్ ఫిషర్ అను వైద్యుడు 1976లో ఒక మహా పరీక్ష నారంభించెను. కొందరు స్త్రీలకు రొమ్మంతయు తొలగించుట, కొందరికి గడ్డ మాత్రము తొలగించుట, మరికొందరికి గడ్డ తొలగించి కిరణ చికిత్స ఇచ్చుట. ఎవరికేది యన్నది చీట్లు వేసినట్లు నిర్ణయమగును. మొదట చేరువారు తక్కువైరి. నా దేహము సంగతి చీటీ నిర్ణయించుటయా యని స్త్రీలు జంకిరి. ఆ మాట వారికి చెప్పుటకు వైద్యులును జంకిరి. అప్పుడు ఏ చికిత్స వచ్చినదో ముందుగా తెలిపి, అంగీకారమైనచో చేరుడు, లేనిచో మీ ఇష్టము అను పద్ధతి ప్రవేశపెట్టగా చేరువారి సంఖ్య పెరిగెను. పరిశోధన నడచు తీరునే రోగుల మనసు మార్చినదనుటకు ఇది తార్కాణము. 1985లో వెలువడిన ఫలితములు 1,843 మంది స్త్రీలకు సంబంధించినవి. ఇరువది సంవత్సరముల పిదప 2002లో మరల లెక్క చూచినను, రొమ్ము నిలుపుకొన్నవారి ఆయుర్దాయము తొలగించుకొన్నవారి ఆయుర్దాయముతో సమానముగనే ఉండెను. గడ్డ మాత్రము తీసి ఊరకున్నవారిలో నూటికి 39 మందికి అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టగా, కిరణ చికిత్స పొందినవారిలో అది 14 మందికే పరిమితమయ్యెను. ఇటలీలోని మిలాను నగరమున వెరొనెసీ అను వైద్యుడు 701 మందిపై జరిపి 1981లో ప్రకటించిన పరీక్షయు ఇట్టి సత్యమునే చెప్పినది. స్త్రీల కోరిక వట్టి చాపల్యము కాదని లెక్కలే సాక్ష్యమిచ్చినవి.

రెండవది గొంతు సంగతి. పొగాకు, చుట్ట, జర్దా, గుట్కా వాడుక గల మన ప్రాంతమున నోటి కేన్సరు, గొంతు కేన్సరు హెచ్చు. స్వరపేటికలో ముదిరిన వ్యాధికి పూర్వము దానిని తొలగించుటే ప్రధాన చికిత్స. ప్రాణము నిలుచును, మాట పోవును. 1981లో అమెరికాలో బార్బరా మెక్నీల్ మున్నగు వైద్యులు 37 మంది ఆరోగ్యవంతులను పిలిచి ఒక విచిత్రమైన ప్రశ్న వేసిరి: "మాట దక్కించుకొనుటకై ఆయువులో కొంత వదలుకొందురా?" ఆ 37 మందిలో కొందరు అగ్నిమాపక దళమువారు, కొందరు వ్యాపార సంస్థల అధికారులు. ఇంచుమించు ఐదుగురిలో ఒకరు, బ్రతుకు కొంత తగ్గినను మాట నిలుపు కిరణ చికిత్సనే కోరుకొందుమనిరి. దీర్ఘాయువొక్కటే మానవుని కోరిక కాదని ఈ చిన్న పరిశోధన వైద్యలోకమునకు చాటెను.

పది సంవత్సరముల పిదప, 1991లో, అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో 332 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు వచ్చెను. ముందు మందులు, పిదప కిరణములు ఇచ్చి స్వరపేటికను కాపాడుటకు యత్నించిన వర్గమున మూడింట రెండు వంతుల మందికి అది దక్కెను. రెండు సంవత్సరములకు బ్రతికియున్నవారు ఇరు వర్గములలోను నూటికి 68 మందియే. పురాణము చెప్పువారికి, బడిపంతులుకు, సంతలో కేక వేసి కూరగాయలమ్ము అవ్వకు మాట ఎంతటి సంపదయో వేరుగ చెప్పనక్కరలేదు. పరిశోధకులు ప్రాణముతోపాటు స్వరమును కూడ కొలతకు తెచ్చుటచేతనే ఈ మార్గము తెరచుకొన్నది.

ఇట్లని రోగి కోరినదెల్ల సత్యమగునా? కాదు. 1970 దశకమున అమెరికాలో లేట్రైల్ అను మందుపై ప్రజలకు మోజు పుట్టెను. అది ఆప్రికాట్ జాతి పండ్ల గింజలలోని పదార్థమునుండి చేసినది. వేలమంది రోగులు దానిని కోరిరి, న్యాయస్థానముల కెక్కిరి. ఆ ఒత్తిడివలననే ప్రభుత్వ కేన్సరు సంస్థ దానిని పరీక్షింపవలసి వచ్చెను. 178 మందిపై జరిగిన పరీక్ష 1982లో ప్రకటింపబడెను. వ్యాధి నయము కాలేదు. కొందరి రక్తమున విషపు పాలు మాత్రము పెరిగెను. రోగి కోరిక పరిశోధనకు ప్రశ్న కాగలదు గాని జవాబు కాజాలదు. మన ఊళ్లలో పసరు మందులకును, తాయెత్తులకును పరుగెత్తువారు ఈ భేదమును గుర్తింపవలెను.

ఇక మన తెలుగువాని సంగతి. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకులై యుండగా, ఫోలిక్ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు మందులు అచట తయారైనవి. వానిలో ఎమినోప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు గల పిల్లలకిచ్చెను. పదునారుగురిలో పదిమందికి తాత్కాలికముగా మేలు కలిగినదని 1948లో ప్రకటించెను. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికిని లోకమంతట వాడుకలో నున్నది.

ఆ మందు కథ అచ్చటితో ముగియలేదు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2016 నుండి 2020 వరకు, నయము కాని స్థితికి వచ్చిన నోరు, గొంతు కేన్సరు రోగులు 422 మందిపై ఒక పరీక్ష జరిపిరి. ఒక వర్గమునకు మూడు వారముల కొకసారి ఆసుపత్రిలో నరమునకెక్కించు సిస్‌ప్లాటిన్. రెండవ వర్గమునకు వారమున కొకసారి మింగు మెథోట్రెక్సేట్ మాత్రలు, వానితోపాటు ప్రతిదినము సెలికాక్సిబ్. మాత్రలు మింగినవారి ఆయువు సగటున ఏడున్నర నెలలు. నరము మందు వారిది ఆరు నెలలకు కొంచెము పైన. తీవ్రమైన బాధలును మాత్రల వర్గముననే తక్కువ. నెలల లెక్క చిన్నదే. కాని ఆ నెలలను ఆసుపత్రి వరండాలో గడపుటయా, మనుమల నడుమ గడపుటయా అన్నది చిన్న సంగతి కాదు. మందు చౌక, ప్రయాణము తక్కువ, పడక తనది. "ఇంటికడ నుండియే పుచ్చుకొనరాదా" యని మన అరుగుమీద అడిగిన ప్రశ్నకు ఇంత చక్కని జవాబు లభించుటయు, అందులో భీమవరపు బిడ్డ కృషి ఇమిడియుండుటయు తెలుగువారు గర్వింపదగిన విషయములు.

బీదరుకు పొరుగుననే మరియొక మహా పరిశోధన జరిగినది. ఉస్మానాబాదు జిల్లా, నేటి ధారాశివ్, పూర్వము మనతోపాటు నిజాము రాజ్యములోనిదే. అచట 1999లో టాటా స్మారక సంస్థవారు, బార్శీలోని నర్గీస్ దత్ స్మారక కేన్సరు ఆసుపత్రివారు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన కేంద్రమువారు కలిసి గర్భాశయ ముఖద్వార కేన్సరును ముందుగా కనిపెట్టు పద్ధతులను పోల్చి చూచిరి. 52 గ్రామ సముదాయములలో 30 మొదలు 59 సంవత్సరముల వయసు గల 1,31,746 మంది స్త్రీలు ఆ లెక్కలో చేరిరి. వైరసు పరీక్ష ఒక్కమారు జరిగిన గ్రామములలో ఈ వ్యాధివలన కలుగు మరణములు సుమారు సగమునకు తగ్గినవని 2009లో ప్రకటించిరి. పల్లెటూరి స్త్రీలు తమ కొంగు చాటు సంకోచమును జయించి పరీక్షకు రాకున్నచో ఈ సత్యము లోకమునకు తెలియకపోయెడిది. పోల్చుటకై ఒక వర్గమునకు ఈ పరీక్షలేవియు జరుపక విడిచిపెట్టుట న్యాయమా యని పిదప పెద్ద చర్చ జరిగెను. ఆ చర్చయు కావలసినదే.

ఆ సంకోచమును గౌరవించుటచేత పరిశోధన మరియొక అడుగు వేసినది. పరపురుషుని యెదుటనే కాదు, తెలియని వైద్యురాలి యెదుట పరుండుటకు కూడ ఇష్టపడని స్త్రీలు ఎందరో కలరు. అట్టివారు తమ నమూనాను తామే తీసి ఇచ్చినచో వైరసు పరీక్షకు పనికివచ్చునా యని పలు దేశములలో పరీక్షించిరి. హైదరాబాదుకు చేరువనున్న మేడ్చల్ మండలమునను ఇట్టి పరిశీలన జరిగినది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని తన మార్గదర్శకములలో చేర్చినది. లజ్జను నిందించుటకు బదులు దానికి తగిన దారి వెదకుట వివేకము.

అడుగకుండ నడచిన పరిశోధన గతి ఏమగునో చెప్పు కథయు మన తెలుగునాటనే కలదు. 2009 జులైలో నాటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మం జిల్లాలో, పది మొదలు పదునాలుగు సంవత్సరముల బాలికలు సుమారు 14 వేలమందికి, ఈ కేన్సరును అరికట్టు టీకా వేయు కార్యక్రమమారంభమయ్యెను. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును అందు పాల్గొనిరి. ఆ బాలికలలో గిరిజన వసతి గృహములలో చదువుకొనువారు పెక్కురు. తల్లిదండ్రులు సంతకము చేయవలసిన అనేక సమ్మతి పత్రములపై వసతి గృహాధికారులు సంతకములు చేసిరి. కొందరు బాలికలు మరణింపగా గగ్గోలు పుట్టి, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయెను. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము తేల్చినది. అయినను సమ్మతి తీసికొన్న తీరు దోషభూయిష్ఠమని ఆ సంఘమును, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘమును చెప్పినవి.

మేము జీవితమంతయు కాగితముల నడుమ గడపిన గుమాస్తాలము. సంతకమునకును, సమ్మతికిని గల భేదము మాకు కొంత తెలియును. ఫైలులో గడి నిండినంతమాత్రమున మనసు నిండినట్లు కాదు. టీకాలో దోషము లేకున్నను, అడుగవలసినవారిని అడుగనందున ఆ టీకాపై అపనమ్మకము వ్యాపించినది. భద్రాచలము అడవులలోని ఒక తల్లికి, ఇది ఏమి టీకా, ఎందులకు, వద్దనవచ్చునా అను మూడు మాటలు ఆమెకు తెలిసిన భాషలో చెప్పియున్నచో ఎంత మేలు జరిగియుండెడిదో! 2013 పిదప మన దేశమున మందుల పరీక్షలలో సమ్మతి పొందు తీరును చిత్రించి, ధ్వనితో సహా భద్రపరుపవలెనని ప్రభుత్వము ఆదేశించినది. కఠినమైన పాఠమునుండి పుట్టిన మంచి నియమమది.

భాష సంగతి వచ్చినది గనుక ఇంగ్లండులో జరిగిన ఒక ముచ్చట చెప్పెదము. పురుషులకు వచ్చు ప్రోస్టేట్ గ్రంథి కేన్సరుకు ఆపరేషను, కిరణములు, జాగరూకతతో కనిపెట్టియుండుట అను మూడింటిని పోల్చుటకై 1999లో ప్రొటెక్ట్ అను పరీక్ష మొదలయ్యెను. మొదట పదిమందిలో ముగ్గురు నలుగురు మాత్రమే చీటీ పద్ధతికి ఒప్పుకొనుచుండిరి. జెన్నీ డొనొవన్ అను పరిశోధకురాలు వైద్యులు రోగులతో మాటలాడిన తీరును ధ్వనిముద్రణ చేయించి వినెను. మూడవ పద్ధతికి వైద్యులు వాడిన పేరు, "ఏమియు చేయక, చచ్చువరకు చూచుచుందుము" అన్నట్లు రోగుల చెవికి వినబడుచుండెను. ఆ పేరును మార్చి, మూడు పద్ధతులను సమానముగా వివరింపగా, సుమారు ఒక సంవత్సరములోనే పదిమందిలో ఏడుగురు ఒప్పుకొనిరి. చేరినవారు 1,643 మంది. పది సంవత్సరముల పిదప 2016లో చూడగా మూడు వర్గములలోను ఈ వ్యాధితో మరణించినవారు నూటికి ఒకరు మాత్రమే. భేదమంతయు బాధలలోనే. ఆపరేషనువలన మూత్రము పట్టు తప్పుట, కిరణములవలన ప్రేగుల బాధ, కనిపెట్టియున్నవారిలో వ్యాధి కొంత హెచ్చుగా వ్యాపించుట. ఇట్టి చోట ఏది మేలో చెప్పవలసినది వైద్యుడొక్కడే కాదు; ఆ బాధను మోయవలసినవాడు కూడ చెప్పవలెను.

ఇప్పుడు మన ఇండ్లవంక చూతము. బీదరు బజారులో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును వినబడును. ఆసుపత్రి కాగితము తరచు ఐదవ భాషలో ఉండును. అంతకన్న పెద్ద అడ్డంకి మన ప్రేమయే. అమ్మకు చెప్పవద్దు, తట్టుకొనలేదు అని కొడుకులు వైద్యుని చెవిలో చెప్పుదురు. కడుపులో పుండు అనియో, గ్రంథి వాపు అనియో రోగికి చెప్పుదురు. ఆమె మౌనముగా ఊరుకొనును. పెక్కుమార్లు అంతయు గ్రహించియే ఊరుకొనును. దాచువారి హృదయము మంచిదే. కాని వ్యాధి పేరు తెలియనివారు ఏ చికిత్స కావలెనో ఎట్లు చెప్పగలరు? ఈ దాపరికము తొలగనంతకాలము పరిశోధకులు వినునది కొడుకుల మాటయే గాని తల్లి మాట కాదు. పెద్దల మాటకు విలువనిచ్చు జాతి మనది. పెండ్లికి, పొలము అమ్మకమునకు ఆమె మాట అడిగిన మనము, ఆమె దేహము సంగతిలో ఆమె నోరు మూయుట తగునా?

తెలుగు సంఘములు ఇందు చేయదగిన పని కలదు. అందుకు పెద్ద ధనము అక్కరలేదు. హైదరాబాదుకో, బార్శీకో పోవు రోగితో చదువుకొన్నవారొకరు తోడు పోవచ్చును. సమ్మతి పత్రమును సంతకమునకు ముందు తెలుగులో నెమ్మదిగా చదివి వినిపింపవచ్చును. రోగి అడుగదలచిన ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసి వైద్యుని చేతికీయవచ్చును. ఇష్టము లేనిచో వద్దనవచ్చుననియు, అట్లన్నందున చికిత్స ఆగదనియు ధైర్యము చెప్పవచ్చును. చిన్న పనులుగా తోచినను, ఇట్టి ప్రశ్నలనుండియే రొమ్ము నిలిపిన పరీక్షలు, మాట నిలిపిన పరీక్షలు పుట్టినవి. నేడు బీదరులో ఒక అవ్వ అడుగు ప్రశ్న రేపటి వైద్యమునకు బీజము కావచ్చును. ఆ ప్రశ్న ఆమె నోటనే వెలువడునట్లు చేయుట మనందరి కర్తవ్యమని విన్నవించుచు, సంఘ సభ్యులందరికిని ఆయురారోగ్యములు కలుగవలెనని కోరుచున్నాము.